తుమ్ముల ఇంట్లో ఒక పూట

మా అక్కను ఇచ్చిన ఇంట్లో చెప్పుకోదగ్గ సంగతి ఒక్కటే. మా బావ వాళ్ళ తాతగారు ఒకప్పుడు తుమ్మలేదు.

పెళ్ళిచూపుల నాడు ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నేను పైకే నవ్వాను. మా నాన్న నా తొడ మీద గిల్లాడు. ఆ తర్వాత ఈ కథను పెళ్ళిళ్ళలో విన్నాను, బారసాలల్లో విన్నాను, ఆస్పత్రి వరండాలో విన్నాను. ఒకసారి చీరాల దగ్గర రైలు ఆగిపోయి అందరం దిగి పట్టాల పక్కన నిలబడితే, ముక్కూమొహం తెలియని ఒక పొగాకు రైతును పట్టుకుని మా బావ చెబుతుంటే కూడా విన్నాను. ఆ రైతు పాపం, రైలు కదిలాక వేరే పెట్టెలో ఎక్కాడు.

కథ ఇదీ. స్వాతంత్ర్యం కోసం గొడవలు జరిగే రోజుల్లో తాతగారు పొన్నూరు దగ్గరి పల్లె నుంచి పారిపోయి వచ్చి, గుంటూరులో ఒక మిరపకాయల వర్తకుడి ఇంట్లో దాక్కున్నారు. ఒక మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. తాతగారు మిరపకాయల బస్తాలు వేసే గదిలో దూరి, బస్తాల వరసల మధ్య నిలబడ్డారు. పోలీసులు వచ్చినవాళ్ళు వచ్చినట్టు పోకుండా, పొద్దుగూకేదాకా అరుగు మీదే కూర్చున్నారు. ఆ ఉక్కలో, ఆ ఘాటులో తాతగారు తుమ్మలేదు. తుమ్మి ఉంటే దొరికిపోయేవారు.

"మిరపకాయల గదిలో తుమ్మకుండా నిలబడటమంటే మాటలు కాదు," అని మా బావ చివర్లో తన ముక్కును రెండు వేళ్ళతో పట్టుకుని వదిలేవాడు. "అది మా వంశంలోనే ఉంది."

"వంటింట్లో పోపు వేస్తే వీధిలోకి పరిగెత్తేది ఏ వంశమో," అని మా అక్క లోపల్నుంచి అనేది.

మా బావ చెడ్డవాడు కాడు. గుంటూరులోనే ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే బయటికొచ్చాడు. ఆఫీసులో ఆయన మాట ఎవరూ వినలేదు, ఇంట్లో మా అక్క విననివ్వలేదు. నలుగురూ చుట్టూ చేరి ఆయన నోటివైపు చూసేది ఈ ఒక్క కథ చెప్పేటప్పుడే. నాకు ముక్కు మీద కోపం. అయినా ఈ సంగతి తెలుసు కాబట్టే కథ మధ్యలో ఎప్పుడూ లేచిపోలేదు. లేచిపోవాలని మాత్రం ప్రతిసారీ అనిపించేది.

ఈమధ్య మా బావ పొద్దున పూట నడిచేవాళ్ళ సంఘంలో చేరాడు. అందరూ రిటైరైనవాళ్ళే. నడక తక్కువ, బెంచీల మీద కూర్చోవడం ఎక్కువ. అలా కూర్చుని కూర్చుని వాళ్ళకు ఊళ్ళో ఉన్న పాత ఇళ్ళు చూడాలన్న బుద్ధి పుట్టింది. ఒక ఆదివారం ఒక పాత ఇంటికి అందరూ కలిసి నడుచుకుంటూ వెళ్ళడం, దాని గొప్ప ఎవరో ఒకరు చెప్పడం, ఆ తర్వాత టిఫిను చేయడం. మొదటి ఆదివారానికి ఏ ఇల్లు అనగానే మా బావ చెయ్యెత్తాడు.

మర్నాడే నన్ను పిలిపించాడు. నేను తెలుగు మాస్టారుగా పనిచేసినవాణ్ణి. ఒక ఫ్లెక్సీ రాయించాననీ, తప్పులేమైనా ఉన్నాయేమో చూడమనీ అన్నాడు. వెళ్ళి చూస్తే అది అప్పటికే ప్రింటయి హాలంతా పరుచుకుని ఉంది. మా అక్క దాని అంచుల మీదుగా నడుస్తూ అన్నం గిన్నె తీసుకెళుతోంది. ఒక మూల తాతగారి ఫొటో, పోస్టు స్టాంపంత. కుడివైపున మా బావ నిలువెత్తున చేతులు జోడించి నవ్వుతున్నాడు. మధ్యలో ఎర్రటి అక్షరాలతో 'అసమాన నాసికా నిగ్రహ ధీరుడు' అని ఉంది.

"ఏమైనా తప్పులున్నాయంటావా?"

"అక్షరాల్లో లేవు బావగారూ," అన్నాను.

దాన్ని ఆ ఇంటి గోడకు కట్టాలంటే ఇంటివాళ్ళను అడగాలి. ఇంతకీ ఆ ఇల్లు ఎలా ఉంటుందని అడిగాను. మా బావ నీళ్ళు నమిలాడు. పుట్టినప్పట్నుంచీ ఈ జిల్లాలో, ఉద్యోగం వచ్చినప్పట్నుంచీ ఈ ఊళ్ళో ఉన్న మనిషి, ఆటో ఎక్కితే ఇట్టే చేరే ఆ ఇంటికి ఒక్కసారి కూడా వెళ్ళలేదట.

"అదేంది?"

"పడగొట్టేసి అపార్ట్‌మెంటు కట్టుంటారేమోనని భయంరా," అన్నాడు, మా అక్క వినకుండా గొంతు తగ్గించి. "ఇల్లే లేకపోతే ఇక కథేముంది."

నాకు ఆ క్షణాన మా బావ మీద నిజంగా జాలేసింది. తొందరగానే పోయిందనుకోండి.

ముగ్గురం బయల్దేరాం. మా అక్కకు పాత ఇళ్ళ మీద ఆసక్తి లేదు గానీ, మా ఇద్దర్నీ ఒంటరిగా పంపితే దారిలోనే కొట్టుకుంటామని ఆవిడ అనుమానం. పాత గుంటూరు సందుల్లోకి ఆటో కొంతదూరమే పోయింది. అక్కడ దిగి, చుట్ట చుట్టిన ఫ్లెక్సీని మా బావ భుజాన పెట్టుకుని ముందు నడుస్తుంటే, మేమేదో తివాచీలు అమ్ముకునేవాళ్ళమనుకుని ఒకావిడ మేడ మీద నుంచి రేటెంత అని అడిగింది.

సందు మలుపులో ఇస్త్రీ బండి దగ్గర ఆగాం. "ఇక్కడ పాతకాలం మిరపకాయల వర్తకులది మండువా ఇల్లు ఒకటుండాలి," అన్నాడు మా బావ.

"తుమ్ముల ఇల్లాండీ?" అన్నాడు ఇస్త్రీ అతను.

మా బావ మొహం చిట్లించాడు. "తుమ్ములు కాదయ్యా. ఆ ఇంటి గొప్పే అసలు తుమ్మకపోవడం."

"అట్టాంటి ఇల్లు ఈ పేటలో లేదండీ. తుమ్ముల ఇల్లయితే అదిగో, కర్రీ పాయింట్ వెనకాల."

మేం అప్పటికే ఆ ఇంటి ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ పోయాం. ఇల్లు కనపడితే కదా. ముందువైపంతా ఫ్లెక్సీలే. పత్తి విత్తనాలది ఒకటి, ఇంటర్ కోచింగుది ఒకటి, ఎవరిదో పుట్టినరోజుది ఒకటి. అరుగు మీద గ్యాసు పొయ్యి పెట్టి ఒకావిడ పప్పు, వేపుళ్ళు, సాంబారు కవర్లలో కట్టి అమ్ముతోంది. ఆవిడ పక్కనుంచి తొంగి చూస్తే అప్పుడు కనపడింది ద్వారం. మనిషి రెండు చేతులూ చాచినా అందనంత వెడల్పు. ద్వారబంధం మీద వరసగా చెక్కిన చిలకలు. వాటి ముక్కులు ఒడుపుగా ఉన్నాయని కాబోలు, కరెంటు తీగను ఒక్కో ముక్కుకూ తగిలించి లోపలికి లాక్కుపోయారు.

మా బావ అరుగు ముందు ఆగిపోయాడు. ఇల్లు ఉంది. ఆయన కళ్ళు నిండాయి. మొదట నేను ఆనందం అనుకున్నాను. తర్వాత నా కళ్ళూ మండాయి. లోపల్నుంచి ఘాటు వస్తోంది.

కర్రీ పాయింట్ ఆవిడ ఆ ఇంటి కోడలే. ఆవిడ కేకేస్తే లోపల్నుంచి వాళ్ళ అత్తగారు వచ్చింది. ఎనభైకి దగ్గరపడిన మనిషి, మంగళగిరి చీర కట్టుకుని, నిటారుగా ఉంది. మా బావ తానెవరి మనవడో చెప్పగానే ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "రండి బాబూ. ఇన్నాళ్ళకు వచ్చారు," అంది.

మండువాలో టేకు స్తంభాల మధ్య కూర్చోబెట్టింది. పైనుంచి ఎండ చతురస్రంగా పడుతోంది. దూలాలకు పూసిన పాత రంగు అక్కడక్కడా మిగిలి ఉంది. పెరటివైపు పెద్ద గదిని ఇప్పటికీ ఒక మిర్చి వ్యాపారికి అద్దెకిచ్చారట. అతను బస్తాలు తెచ్చి వేసి, ఆడవాళ్ళ చేత రంగు చెడిన తాలు కాయలు ఏరిస్తాడు. ఆ రోజు పని లేదు కాబట్టి ఘాటు తక్కువగా ఉందని పెద్దావిడ అంది. తక్కువ ఘాటుకే మా అక్క పైట చెంగు ముక్కున పెట్టుకుని కూర్చుంది. ఇంటివాళ్ళకు మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు.

కాఫీలయ్యాక మా బావ వచ్చిన పని చెప్పాడు. పెద్దావిడ, "ముందు గది చూసి రండి. తర్వాత మాట్లాడదాం," అంది. మా బావ ఉత్సాహంగా లేచాడు. లేవగానే మా అక్క తుమ్మింది.

"కూర్చోండి," అంది పెద్దావిడ.

మా వైపు పద్ధతి తెలియనివాళ్ళు ఈ పేజీ చదువుతారేమో, అందుకని చెబుతున్నాను. పని మీద అడుగు ముందుకు వేసేటప్పుడు ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే కదలకూడదు. కూర్చుని, కాసిని మంచినీళ్ళు తాగి, కాసేపాగి లేవాలి. వెంటనే రెండో తుమ్ము కూడా వస్తే దోషం లేదు, వెళ్ళొచ్చు. నాకు ఇలాంటివి నమ్మకం లేదు. కానీ ఎవరైనా తుమ్మితే నేనూ కూర్చుంటాను.

కూర్చున్నాం. నీళ్ళు తాగాం. లేచాం. ఈసారి నేను తుమ్మాను. కూర్చున్నాం. కోడలు వేపుడు మీద మూత పెట్టి మళ్ళీ నీళ్ళు తెచ్చింది. తాగి లేవబోతే మళ్ళీ మా అక్క.

"ఆ రెండోది కూడా తుమ్మవే," అన్నాడు మా బావ పళ్ళ బిగువున.

"వస్తే దాచుకుంటానా?" అంది అక్క.

గడియారం దాని మానాన అది తిరుగుతోంది. మేం లేస్తున్నాం, కూర్చుంటున్నాం, నీళ్ళు తాగుతున్నాం. ఇంక లాభం లేదని నేను ఎండ పడేచోటికి పోయి, రెండో తుమ్ము కోసం తలెత్తి సూర్యుణ్ణి కూడా చూశాను. చిన్నప్పుడు బళ్ళో అలా చేస్తే వచ్చేది. రాలేదు. తాగిన నీళ్ళ పుణ్యమా అని మా అక్క పెరడు దారి అడిగి వెళ్ళాల్సి వచ్చింది. ఇంత జరుగుతున్నా మా బావ ఒక్కసారి కూడా తుమ్మలేదు. ముక్కు కొస మిరపపండులా ఎర్రబడింది, పెదాలు వణుకుతున్నాయి, మెడ నరాలు లేచాయి. కానీ తుమ్మలేదు. వంశం పరువు ఆ ముక్కు మీద నిలబడి ఉంది. చూడటానికి నాకు చాలా సంతోషంగా ఉంది.

మా అక్క పెరట్లో ఉండగానే, సందు చూసుకుని మేమిద్దరం గదిలోకి పరిగెత్తాం.

పొడుగాటి గది. కిటికీలు లేవు. ఎత్తున ఒక్క గాలి కన్నం. గోనె బస్తాలు గోడల వెంబడి మనిషెత్తున పేర్చి ఉన్నాయి. మా బావ రెండు వరసల మధ్యకు దూరి నిలబడ్డాడు. అచ్చం తాతగారు నిలబడినట్టు, అని ఆయనే అన్నాడు. ఫోను నాకిచ్చి వీడియో తీయమన్నాడు. ఆదివారం అందరికీ చూపిస్తాడట.

"మిత్రులారా," అని మొదలుపెట్టాడు. "మా తాతగారు ఇదే గదిలో, ఇదే చోట, ఊపిరి బిగబట్టి…"

అక్కడ ఆగాడు. కళ్ళు పెద్దవయ్యాయి. నోరు తెరుచుకుంది. ఒక చెయ్యి గాలిలోకి లేచి ఏదో పట్టుకోబోయింది. ఆ తర్వాత వచ్చింది తుమ్ము. అలాంటి తుమ్మును నేను అంతకుముందు వినలేదు. పైవరస బస్తాల మీది దుమ్ము లేచి ఎర్రగా కిందికి దిగింది. అది పీల్చి మళ్ళీ తుమ్మాడు. దానికి మళ్ళీ దుమ్ము లేచింది. కళ్ళజోడు ఎటో పోయింది. అన్నేళ్ళుగా ఆపుకున్నవన్నీ వరస కట్టి వచ్చినట్టున్నాయి. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. మనసు బాగా లేనప్పుడు చూసుకుంటూ ఉంటాను.

మండువాలో నుంచి పెద్దావిడ గొంతు నింపాదిగా వినిపించింది. "కూర్చోండి బాబూ."

మా బావ వెనక్కి చూడకుండా, విడిగా కింద ఉన్న ఒక బస్తా మీద కూలబడ్డాడు.

"దాని మీద కాదు," అంది ఆవిడ, చూడకుండానే.

బయటికి తీసుకొచ్చాం. కోడలు చెంబుతో నీళ్ళిచ్చింది. మొహం కడుక్కున్నాక మా బావ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. అప్పటికి మా అక్క వచ్చి పక్కన కూర్చుని, తన చెంగుతో ఆయన కళ్ళజోడు తుడుస్తోంది.

"మా తాతగారు చూసుంటే సిగ్గుతో తల దించుకునేవారు," అన్నాడు బావ చివరికి.

"ఎందుకు బాబూ?" అంది పెద్దావిడ. "ఆయన ఇంతకన్నా గట్టిగానే తుమ్మారుగా."

మా బావ తలెత్తాడు. నేను ఫోను జేబులో పెట్టేశాను. ఇక తీయకూడదనిపించింది.

ఆవిడ చెప్పింది. ఆవిడకు చెప్పింది వాళ్ళ అత్తగారు. అప్పటికి ఆ అత్తగారు ఈ ఇంటికి కాపరానికి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. పోలీసులొచ్చే వేళకు మగవాళ్ళంతా బజారులో సరుకు తూచే కాటాల దగ్గర ఉన్నారు. ఇంట్లో ఆ పిల్ల, మంచాన పడి ఉన్న మామగారు, గదిలో తాతగారు. పోలీసు హెడ్డు గడపలో కాలు పెట్టబోయాడు. గదిలో తాతగారు తుమ్మారు.

"లోపలెవరు, అన్నాడంట హెడ్డు. మా అత్తకు గుండె ఆగిపోయినంత పనైంది. పక్కన మా మామగారి తండ్రి ముక్కుపొడుం డబ్బా కనపడింది. వేలెడంత తీసి రెండు ముక్కుల్లోనూ కూరుకుంది. గుమ్మంలోకొచ్చి, వాళ్ళ ఎదుటే తుమ్మింది. ఇంట్లో తుమ్మేది ఈ పిల్లే అనుకున్నారు వాళ్ళు."

"మంచి పని చేసింది," అంది మా అక్క.

"అంతటితో అయిందా? ఆ హెడ్డుకు శకునాల పిచ్చి. ఎదురుగా ఆడది తుమ్మిందని వెనక్కెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. నీళ్ళడిగాడు. తాగాడు. లేచాడు. ఈవిడ మళ్ళీ తుమ్మింది. మళ్ళీ కూర్చున్నాడు. లోపల మీ తాతగారు తుమ్ముతూనే ఉన్నారు, బయట ఈవిడ ఆయన చప్పుడు వినపడకుండా తుమ్ముతూనే ఉంది. రెండు వస్తే దోషం పోయి లోపలికొచ్చేస్తారు గదా. అందుకని ప్రతిసారీ రెండోది పైట నోట్లో కుక్కుకుని మింగేసేదంట."

నేను ఆ దృశ్యం ఊహించుకుని నవ్వు ఆపుకోలేకపోయాను. పెద్దావిడ కూడా నవ్వింది.

"ఇంకా వినండి. పొద్దుగూకింది. ఈ రోజు మంచిది కాదు, రేపొద్దామని లేచారు. పోతారుగదా అని ఈవిడ ఊపిరి పీల్చుకోబోయి మళ్ళీ తుమ్మింది. మళ్ళీ కూర్చున్నారు. అడుగేసేటప్పుడు తుమ్మితే ఇంటికి పోవడానికైనా దోషమేగా. లోపలికి రానివ్వకుండా ఆపగలిగింది గానీ, బయటికి పంపడం ఆవిడ వల్ల కాలేదు. పొడుం ఊరుకోదు. చివరికి పెరట్లోకి పరిగెత్తి, గేదెల కుడితి తొట్టిలో తల ముంచిందంట. మొహం పైకి తీసేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు."

అందరం నవ్వాం. అరుగు మీద నుంచి కోడలు కూడా నవ్వడం వినపడింది. మా బావ మాత్రం నవ్వలేదు. స్తంభానికి ఆనించి పెట్టిన ఫ్లెక్సీ చుట్ట వైపు చూస్తున్నాడు.

"మా తాతగారు తుమ్మలేదనే చెప్పారు," అన్నాడు.

"ఆవిడ తుమ్ముల్లో ఆయన తుమ్ములు ఆయనకే వినపడలేదేమో," అంది పెద్దావిడ, ఆయన పరువు కాస్త మిగిలేలా. తర్వాత ఆవిడ గొంతు మారింది. "మీకది గొప్పయింది బాబూ. ఆవిడకు మాత్రం జన్మంతా దెప్పు అయింది."

మనిషిని దాచిన సంగతి బయటికి చెప్పడానికి వీల్లేదు. పేటంతా చూసింది మాత్రం ఒక్కటే. అరుగు మీద పోలీసులు లేచిన ప్రతిసారీ ఆ ఇంటి కొత్త కోడలు గుమ్మంలో నిలబడి తుమ్మింది. తుమ్ముల కోడలు అన్నారు. ఇంటికి తుమ్ముల ఇల్లని పేరు పెట్టారు. మగవాళ్ళు పని మీద బయల్దేరుతుంటే ఆవిణ్ణి వెనక గదిలోకి పొమ్మనేవాళ్ళు. ఎవరింట్లో పెళ్ళయినా వంటల దగ్గరే కూర్చోబెట్టేవాళ్ళు. దొరలు వెళ్ళిపోయాక చెప్పొచ్చు కదా అంటే, చెబితే మాత్రం ఎవరు నమ్మారు? అప్పటికి పొడుం నిజంగానే అలవాటైంది, తుమ్ములూ నిజంగానే వచ్చేవి.

"సొంత కూతురు అప్పగింతలప్పుడు కూడా ఆవిణ్ణి బయటికి రానివ్వలేదు," అంది పెద్దావిడ. "పిల్ల బండెక్కుతుంటే, ఆ మిరపకాయల గదిలో తలుపు వెనకాల నిలబడి మేళం చప్పుడు విన్నదంట. నేను ఈ ఇంట్లో గడప తొక్కినప్పుడు కూడా మా అత్త ఎదురు రాలేదు. నేనే వెతుక్కుంటూ గదిలోకెళ్ళి కాళ్ళకు దణ్ణం పెట్టా."

మా అక్క కళ్ళజోడు తుడవడం ఆపింది.

"మీ ఫ్లెక్సీ కట్టుకోండి," అంది ఆవిడ మా బావతో. "ముందంతా ఎవరెవరివో ఉన్నాయి. మీదొకటి నాకు బరువా? కానీ మీ తాతగారు తుమ్మలేదని మాత్రం ఈ గోడ మీద రాయొద్దు. మా అత్త తుమ్మింది అబద్ధమైపోద్ది."

మా బావ తలూపాడు. ఆదివారం ఆయన పది మంది ముందు నిలబడి చెప్పాల్సిన కథ అదొక్కటే. అది పోయింది. పోయిన సంగతి ఆయన మొహంలో స్పష్టంగా కనపడుతోంది. ఇన్నేళ్ళూ ఆ కథ ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసినవాణ్ణి నేను. నాకు ఏమాత్రం బాగా అనిపించలేదు.

పెద్దావిడ ఇంకా ఆయన వైపే చూస్తోంది. ఏదో అడగాలని ఉంది, అడగలేకపోతోంది. చివరికి అడిగింది.

"ఒక్క మాట బాబూ. ఆ రాత్రికే ఆయన మా ఇంట్లోంచి వెళ్ళిపోయారంట. వెళ్ళేటప్పుడు ఏం జరిగిందో మా అత్త ఎన్నడూ చెప్పలేదు. అడిగితే మొహం తిప్పుకునేది. ఊరంతా ఆవిణ్ణి లోపలికి పొమ్మన్నారు సరే. ఆయన ప్రాణం కాపాడింది గదా. ఆయన కూడా బయల్దేరేటప్పుడు పొమ్మన్నారా? మీ ఇంట్లో ఎవరన్నా అనుకోగా విన్నారా?"

తాతగారి గురించి బావ వాళ్ళ ఇంట్లో చెప్పుకున్న ప్రతి మాటా నాకు కంఠతా వచ్చు. ఆయన ఆ ఇల్లు వదిలి వెళ్ళడం గురించి అందులో ఒక్క ముక్క లేదు.

"లేదమ్మా," అన్నాడు మా బావ. "పొమ్మనలేదు."

"నిజంగానా?"

"మా తాతగారే చెప్పేవారు. ఇంట్లోవాళ్ళు ఆవిణ్ణి వెనక్కి పొమ్మంటుంటే ఆయన ఒప్పుకోలేదంట. ఈ అమ్మాయే నాకు ఎదురు రావాలి, ఈవిడ ఎదురొస్తేనే గడప దాటతానని మొండికేశారంట. ఆవిడ బయటికెళ్ళి, వీధిలోంచి ఆయనకెదురుగా నడిచొచ్చిందంట. అప్పుడు బయల్దేరారంట."

మా అక్క ఆయన వైపు చూసింది. పెళ్ళయిన నాటి నుంచి ఆయన చెప్పిన ఏ మాటనూ సరిదిద్దకుండా వదలని మనిషి. చూసి, తల దించుకుని, కళ్ళజోడు ఆయన చేతిలో పెట్టింది.

"ఏం చీర కట్టుకుందో చెప్పారా?" అంది పెద్దావిడ. ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

నేను కళ్ళు మూసుకున్నాను. మా బావ మాత్రం తడుముకోలేదు. "ముదురాకుపచ్చ చీరమ్మా. కుడితి నీళ్ళకు తలంతా తడిసుంటే, చెంగుతో తుడుచుకుంటూ వచ్చిందంట. చేతిలో దీపం ఉందంట. మా తాతగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారంట."

పెద్దావిడ చాలాసేపు మా బావ మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. తర్వాత తలాడించి, "తల తడిసే ఉంటది. అవును," అంది. "అది కూడా రాయించండి బాబూ. దీపం సంగతి కూడా."

రాయిస్తానన్నాడు. వచ్చేటప్పుడు ఎవరూ తుమ్మలేదో, తుమ్మినా మేం వినిపించుకోలేదో గుర్తు లేదు. సందు చివర్లో ఆటో ఎక్కాం. మా బావ ఒడిలో ఫ్లెక్సీ చుట్ట అడ్డంగా పెట్టుకుని, బయటికి చూస్తూ కూర్చున్నాడు. మిర్చి యార్డు వైపు పోయే లారీలకు దారిచ్చి ఆటో ఆగినప్పుడు, ఇక ఉండబట్టలేక అడిగాను.

"బావగారూ, మీ తాతగారు నిజంగా అట్టా అన్నారా?"

ఆయన నా వైపు తిరగలేదు.

"అనాల్సిందిరా," అన్నాడు.